అంతా పై అడుగు మట్టిలోనే

జపనీస్ మేపుల్ మైనస్ 26 డిగ్రీల సెల్సియస్ చలిని కూడా ఓర్చుకుంటుంది. అదే చెట్టు మొదట్లో నాలుగు అంగుళాల మట్టి ఎక్కువ పోస్తే మాత్రం కొన్నేళ్లు ఈడుస్తూ బతికి, చివరికి ఎండిపోతుంది. అంత చలికి బెదరని చెట్టు గంపెడు మట్టికి ఎందుకు లొంగిపోతుంది? జవాబు దాని వేళ్లలో ఉంది. నీళ్లూ పోషకాలూ పీల్చే సన్నని వేళ్లలో ఎక్కువ భాగం పైనున్న అడుగు మట్టిలోనే అల్లుకుని ఉంటాయి. మన తుమ్మచెట్టులా పాతాళానికి దిగి నీళ్లు వెతుక్కునే అలవాటు దీనికి లేదు. ఎండ మండినా, వాన నిలిచినా, పచ్చికకి చల్లిన మందు పక్కకి జారినా ముందు దెబ్బ తగిలేది ఆ అడుగు మట్టికే. దీని పెంపకం గురించి ఎవరు ఏ లెక్క చెప్పినా, అది ఆ అడుగు మట్టిని కాపాడే లెక్కే అయివుంటుంది.

న్యూజెర్సీలో ఎడిసన్ చుట్టుపక్కల, వర్జీనియాలో, అట్లాంటాలో, సియాటిల్ శివార్లలో మనవాళ్లు ఇళ్లు కొనుక్కున్న వీధుల్లో నడిస్తే ముంగిట్లో ఎర్రాకుల పొట్టి చెట్టు తరచూ కనిపిస్తుంది. కొందరికి అది ఇంటితోపాటే వచ్చింది. కొందరు గృహప్రవేశం అయ్యాక నర్సరీకి వెళ్లి, ధర చూసి ఓసారి గుటక మింగి, అయినా కొనుక్కొచ్చారు. ఈ కథనం ముఖ్యంగా ఆ రెండో రకం వాళ్ల కోసం.

చీటీ మీద ఏముంటుంది?

ఈ చెట్టు శాస్త్రీయ నామం ఏసర్ పామేటమ్. స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు కార్ల్ పీటర్ థన్‌బర్గ్ 1775, 1776 సంవత్సరాల్లో జపాన్‌లో ఉండి మొక్కలు సేకరించాడు. 1784లో దీనికి ఆ పేరు పెట్టాడు. జపాన్ తోటమాలులు అతని పేరు కోసం ఆగలేదు. ఎడో నగరంలో, అంటే ఇప్పటి టోక్యోలో, నర్సరీ నడిపిన ఇటో ఇహెయ్ 1710 నాటికే 36 రకాల మేపుళ్లకి పేర్లతో జాబితా అచ్చువేశాడు. 1820లో ఇంగ్లండుకి చేరిన ఈ చెట్టుకి ఇవాళ ప్రపంచంలో పేరున్న రకాలు వెయ్యికి పైనే.

ఇన్ని రకాలున్నా కొనేవాళ్లు మొదట చూడాల్సింది రెండే. ఒకటి, ఆకు తీరు. మామూలు ఆకులో చేతివేళ్లలా 5, 7 లేదా 9 తమ్మెలుంటాయి. లేస్‌లీఫ్ అని అమ్మే రకాల్లో ఆ తమ్మెలు మళ్లీ దారాల్లా చీలిపోయి ఉంటాయి. అవి గొడుగులా కిందికి వాలి పెరుగుతాయి. రెండోది, ఎత్తు. 'బ్లడ్‌గుడ్' రకం 15 నుంచి 20 అడుగులు పెరిగి, దాదాపు అంతే వెడల్పు పరుచుకుంటుంది. లేస్‌లీఫ్ అయిన 'క్రిమ్సన్ క్వీన్' 8 నుంచి 10 అడుగుల ఎత్తుకి పోతుంది, అడ్డంగా మాత్రం 12 అడుగుల దాకా చాచుకుంటుంది. 'షైనా' లాంటి పొట్టి రకం 6 అడుగుల దగ్గర ఆగుతుంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. నర్సరీ చీటీ మీద రాసే ఎత్తు తరచుగా పదేళ్ల వయసుకి వచ్చే ఎత్తే. ఈ చెట్టు పదేళ్లకి ఆగదు. నూరేళ్లు దాటి బతకగలదు. చిన్నప్పుడు ఏటా అడుగు నుంచి రెండడుగులు పెరిగి తర్వాత నెమ్మదిస్తుందే గానీ ఎదుగుదల మానదు. 20 అడుగులు పరుచుకునే చెట్టుని గోడకి 4 అడుగుల దూరంలో నాటితే పదిహేనేళ్ల తర్వాత గోడనైనా జరపాలి, చెట్టునైనా నరకాలి. చివరికి వచ్చే వెడల్పులో సగం లెక్కగట్టి, బ్లడ్‌గుడ్ అయితే గోడకి కనీసం 10 అడుగులు వదిలేయడం మేలు.

కుండీ సైజు లెక్కలో కూడా చిన్న మెలిక ఉంది. అమెరికా నర్సరీల్లో 1 నంబరు కుండీని ఒక గ్యాలన్ కుండీ అంటారు. అందులో పట్టేది గ్యాలన్‌లో మూడొంతులే, మూడు లీటర్లకి కాస్త తక్కువ. 5 నంబరు కుండీ కూడా 5 గ్యాలన్లు పట్టదు, సుమారు 14 లీటర్లే. అది మోసం కాదు, వ్యాపారంలో పాతుకుపోయిన కొలత. పెద్ద కుండీ కొంటున్నామంటే ఎక్కువ సంవత్సరాలు కొంటున్నామని అర్థం, మట్టి కాదు. పేరున్న రకాలు దాదాపు అన్నీ అంటుకట్టినవే. విత్తనం నుంచి వచ్చిన మొక్కని పెంచి, చలికాలంలో దాని కాండానికి కావలసిన రకం కొమ్మని అతికిస్తారు. ఆ తర్వాత కొన్నేళ్లు సాకితేగానీ అది అమ్మకానికి రాదు. ఖరీదంతా ఆ ఏళ్లదే. అంటు గుర్తుగా కాండం మీద చిన్న బుడిపె ఉంటుంది. దాని కిందనుంచి పుట్టే చిగురు వేరు మొక్కది. అది కనిపించిన రోజే గిల్లెయ్యాలి. వదిలేస్తే పచ్చాకుల అడవి మొక్క పైనున్న ఎర్ర రకాన్ని మింగేస్తుంది.

మేపుల్ అని చెప్పి మరొకటి అంటగట్టకుండా ఒక పరీక్ష ఉంది. మేపుల్ కొమ్మ మీద ఆకులు ఎదురెదురుగా, జంటలుగా పుడతాయి. సినిమా పాటల్లో కశ్మీరు అనగానే కనిపించే చినార్ ఆకు చూడ్డానికి మేపుల్‌లాగే ఉంటుంది గానీ, ఆ ఆకులు కొమ్మకి అటొకటి ఇటొకటి వస్తాయి. చినార్ వేరే కుటుంబం. 1965 ఫిబ్రవరి 15న కెనడా తన జెండా మీదికి ఎక్కించిన 11 మొనల ఆకు మేపులే, కాని అది ఈ పొట్టి చెట్టుది కాదు. అక్కడి పెద్ద మేపుళ్ల ఆకుకి గీసిన రూపం.

చలి మ్యాపు సగమే చెబుతుంది

అమెరికా వ్యవసాయ శాఖ 2023 నవంబరులో మొక్కల చలి మండలాల మ్యాపుని కొత్తగా విడుదల చేసింది. 1991 నుంచి 2020 వరకు, ప్రతి ఏడాదీ అతి చల్లని రాత్రి ఎంతకి దిగిందో తీసుకుని సగటు కట్టిన మ్యాపు అది. జపనీస్ మేపుల్ 5 నుంచి 8 మండలాల చెట్టు. ఎడిసన్ ప్రాంతం 7వ మండలంలో పడుతుంది. అక్కడ సాధారణంగా చలి మైనస్ 18కి మించి దిగదు. అంటే న్యూజెర్సీ చలి ఈ చెట్టుకి లెక్కే కాదు. డాలస్ 8వ మండలంలో ఉంది కాబట్టి ఇంకా సులువు అనిపిస్తుంది. అనిపించడమే. ఆ మ్యాపు చలినే కొలుస్తుంది, వేసవిని కొలవదు.

డాలస్‌లో జులై, ఆగస్టు నెలల్లో పగటి ఉష్ణోగ్రత సగటున 35 దాటుతుంది. న్యూజెర్సీ మధ్య ప్రాంతంలో 30 దగ్గర ఆగుతుంది. న్యూజెర్సీలో ఏడాదికి కురిసే 1,150 మిల్లీమీటర్ల పైచిలుకు వాన పన్నెండు నెలలకీ దాదాపు సమానంగా, నెలకి 100 మిల్లీమీటర్ల చొప్పున పంచుకుని కురుస్తుంది. ఈ చెట్టు పుట్టిన జపాన్ అడవుల్లోనూ వేసవి తడిగానే ఉంటుంది. డాలస్ వేసవి అలా కాదు. పైగా అక్కడి నల్లమట్టి క్షారగుణం కలది, జిగురు. ఒకే మ్యాపులో పక్కపక్క మండలాల్లో ఉన్న ఈ రెండు ఊళ్లలో ఒకచోట చెట్టు తనంతట తాను బతుకుతుంది, రెండోచోట మనం బతికించాలి. టెక్సస్‌లో ఉన్నవాళ్లకి నా సలహా ఒక్కటే. నేలలో కాక కుండీలో, తూర్పు ముఖంగా పెంచండి.

గుంత వెడల్పు, గుంత లోతు

నాటే రోజుకి ముందే చేయాల్సిన పని ఒకటుంది. అనుకున్న చోట అడుగు లోతు గుంత తీసి నీళ్లు నింపండి. అవి ఇంకాక మళ్లీ నింపి, గంటకి ఎంత దిగుతుందో స్కేలు పెట్టి చూడండి. 1 నుంచి 3 అంగుళాలు దిగితే బాగున్నట్టు. గంటకి అంగుళం కూడా దిగకపోతే ఆ మట్టిలో వేళ్లకి గాలి ఆడదు. అక్కడ గుంత ఎంత లోతుగా తవ్వి ఎంత మంచి మట్టి నింపినా ప్రయోజనం లేదు. చుట్టూ జిగురుమట్టి ఉన్నప్పుడు మధ్యలో గుల్లమట్టి నింపితే అది తొట్టిలా నీళ్లు పట్టి ఉంచుతుంది. అలాంటి చోట గుంత మానేసి, 8 నుంచి 12 అంగుళాల ఎత్తున వెడల్పాటి మట్టిదిబ్బ పోసి దాని మీద నాటాలి.

మంచి మట్టిలో గుంత వెడల్పు వేరుగడ్డకి రెండు, మూడు రెట్లు ఉండాలి. లోతు మాత్రం వేరుగడ్డ ఎత్తు ఎంతో అంతే, ఇంకా అంగుళం తక్కువైనా నష్టం లేదు. కాండం కిందికొచ్చేసరికి వెడల్పయి వేళ్లుగా విడిపోయే చోటు నేల పైకి కనబడాలి. నర్సరీ కుండీలోనే అది ఒక్కోసారి రెండు మూడు అంగుళాల మట్టి కింద పూడుకుపోయి ఉంటుంది. వేలితో తవ్వి వెతికి, అది బయటపడ్డాకే ఎత్తు లెక్కపెట్టుకోవాలి. కుండీలో గుండ్రంగా చుట్టుకుపోయిన వేళ్లుంటే కోసేయాలి. అలాగే వదిలేస్తే లావెక్కుతూ కాండానికే ఉరి బిగిస్తాయి.

ఆపైన చెక్కపొట్టు కప్పాలి. చెట్టు చుట్టూ 4 అడుగుల వ్యాసంతో వలయం గీస్తే వైశాల్యం 12.6 చదరపు అడుగులు. దాని మీద 3 అంగుళాల మందం పరచడానికి 3.1 ఘనపుటడుగుల పొట్టు కావాలి. 2 ఘనపుటడుగుల సంచులు ఒకటిన్నర సరిపోతాయి. మిగిలిన సగం సంచి కూడా అక్కడే కుమ్మరించాలనిపిస్తుంది, కుమ్మరించకండి. అమెరికా శివార్లలో ఎక్కడ చూసినా చెట్టు మొదట్లో పుట్టలా పొట్టు పోసి కనిపిస్తుంది. డబ్బు తీసుకుని తోటపని చేసే కంపెనీలే ఆ పని చేస్తాయి కాబట్టి అదే పద్ధతనుకుంటాం. కాండం బెరడు గాలికి ఆరడానికి పుట్టింది. తడి పొట్టు కింద ఏడాది పొడవునా ఉంటే కుళ్లుతుంది. చలికాలంలో ఆ పుట్టలోకి ఎలుకజాతి జీవులు దూరి బెరడు కొరికి తింటాయి కూడా. కాండం చుట్టూ 3 అంగుళాలు ఖాళీ వదిలి మిగతా వలయమంతా కప్పండి.

రెండు బకెట్లు

చెట్టుకి వారానికి అంగుళం నీళ్లు కావాలని తోట పుస్తకాలన్నీ రాస్తాయి. అంగుళం అంటే బకెట్ల లెక్కలో ఎంత? మన 12.6 చదరపు అడుగుల వలయం మీద అంగుళం నీళ్లు నిలబెడితే సుమారు 30 లీటర్లు. అంటే 15 లీటర్ల బకెట్లు రెండు. నాటిన తొలి వేసవికి లెక్క కాస్త వేరు. కాండం మందం అంగుళం ఉంటే ఒక్కో తడికి 4 నుంచి 6 లీటర్లు చాలు, కాకపోతే మొదటి రెండు వారాలు రోజూ పోయాలి. మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా రెండు మూడు రోజులకోసారి. ఆ తర్వాత వారానికోసారి తనివితీరా. అంగుళం వాన కురిసిన వారం ఆ పనీ లేదు.

రోజూ చిలకరించడం కంటే వారానికోసారి నిండా పోయడం ఎందుకు మంచిదంటే, చిలకరింపు పై అంగుళాన్నే తడుపుతుంది. వేళ్లు ఆ అంగుళంలోకే ఎగబాకుతాయి. అసలే అడుగులో సర్దుకునే వేళ్లు అంగుళంలోకి వచ్చాయంటే మొదటి వడగాలికే ఆకులు మాడతాయి. పచ్చిక కోసం పెట్టుకున్న స్ప్రింక్లర్లు చేసే చెడు ఇదే.

అమ్మానాన్నలు ఆర్నెల్లకని వచ్చిన ఇళ్లలో ఇంకో చిక్కుంది. ఊళ్లో పొద్దున్నా సాయంత్రం తులసికోటకీ మల్లెపాదుకీ నీళ్లు పోసిన చెయ్యి ఊరుకోదు. ఆకు అంచు ఎండినట్టు కనిపిస్తే "అయ్యో, దాహానికి మాడిపోతోందిరా" అని నాన్నగారు ఇంకో చెంబు పోస్తారు. అది నిజంగా దాహమే కావచ్చు, లేదా వేళ్లు నీళ్లలో ఉడికి ఊపిరాడక పోవడమూ కావచ్చు. రెండింటికీ ఆకు ఒకేలా ఎండుతుంది. తేల్చుకోవడానికి వేలు చాలు. రెండు అంగుళాల లోతున మట్టి పొడిగా ఉంటే పోయండి, తడి తగిలితే ఆగండి. నాన్నగారికి చెప్పి ఒప్పించడం మీ ఇష్టం.

ఎండ విషయం ఈ నీళ్ల లెక్కకి కొనసాగింపే. ఆకు ఆవిరి చేసే నీటిని వేరు అందించలేకపోయిన గంటలో అంచు మాడుతుంది. మధ్యాహ్నం 32, 33 డిగ్రీలు దాటి గాలి కూడా వీస్తే, మట్టిలో తడి ఉన్నా లేస్‌లీఫ్ రకాలు నిలవలేవు. ఉదయం నాలుగైదు గంటల ఎండ, ఒంటిగంట తర్వాత నీడ వీటికి సరైన కొలత. ఇంటికి తూర్పు వైపు ఆ కొలత దానంతట అదే కుదురుతుంది. పూర్తి నీడలో పెడితే మాడవు గానీ ఎర్రరకాలు కంచు కలిసిన ఆకుపచ్చకి తిరిగిపోతాయి. ఆకులో ఎరుపు తయారవడానికి ఎండ కావాలి మరి. మాడిన ఆకు మళ్లీ పచ్చబడదు, అలాగని చెట్టు పోయినట్టూ కాదు. జులైలో ఆకంతా రాల్చి ఆగస్టులో మళ్లీ చిగురించిన చెట్లున్నాయి. తొందరపడి పీకెయ్యొద్దు. గోటితో కొమ్మని గీరి చూడండి, లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే.

పచ్చికతో పేచీ

ఈ చెట్టుకి 5.5 నుంచి 6.5 పీహెచ్ మట్టి ఇష్టం. పీహెచ్‌లో ఒక్క అంకె తేడా అంటే ఆమ్లత్వంలో పది రెట్లు తేడా. రెండంకెలైతే నూరు రెట్లు. డాలస్ మట్టి 8 దగ్గర ఉంటే, మేపుల్ కోరే 6తో పోల్చి ఎంత దూరంలో ఉందో చూడండి. అలాంటి మట్టిలో ఇనుము ఉన్నా వేరుకి అందదు. ఆకు పసుపు, ఈనెలు మాత్రం పచ్చ అన్న గుర్తుతో అది బయటపడుతుంది.

ఎరువు సంచి మీద మూడంకెలు నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు. పచ్చిక ఎరువు మీద 30-0-4 లాంటిది ఉంటే 10 కిలోల సంచిలో 3 కిలోలు నత్రజనే. మేపుల్‌కి అది విందు భోజనం కాదు, అజీర్తి. కొమ్మలు పొడుగ్గా మెత్తగా సాగి మంచుకీ పురుగుకీ సులువుగా దొరుకుతాయి. మొదటి ఏడాది ఎరువే అక్కర్లేదు. తర్వాత కూడా మొదటి అంకె 10 దాటని, నెమ్మదిగా కరిగే ఎరువు వసంతారంభంలో ఒక్కసారి చాలు. ఎరువు కంటే ప్రమాదం కలుపుమందు కలిపిన పచ్చిక ఎరువులది. వాటిలో కొన్నిటిలో ఉండే డైకాంబా మట్టిలో కదిలి చెట్టు వేళ్లని చేరుతుంది. వేళ్లేమో పై అడుగులోనే కాచుకుని ఉంటాయి.

కత్తిరింపు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఆకులు విచ్చే వసంతంలో కోస్తే రసం ధారగా కారుతుంది. అందుకని చలికాలం చివర గానీ, ఆకు ముదిరిన నడివేసవిలో గానీ కొయ్యాలి. ఏడాదికి నాలుగో వంతు మించి తీయొద్దు. మొగ్గలు జంటగా ఉంటాయి కాబట్టి జంటకి పైన కోసిన చోట రెండు కొమ్మలు వస్తాయి. ఎటు పోవాలో కోసే ముందే అనుకోవచ్చు. మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెత నిజంగా చెట్టుకే వర్తించే చోటిది. మొదటి ఐదేళ్లలో తీర్చిన కొమ్మలే యాభై ఏళ్ల రూపం. కంచెని కత్తిరించే మరతో బంతిలా గుండ్రంగా చెక్కిన జపనీస్ మేపుల్‌ని చూస్తే మాత్రం ఇన్ని ఏళ్ల అంటుకట్టుడు ఇందుకా అనిపిస్తుంది.

వంకాయ మడిలో మాత్రం వద్దు

అమెరికాలో తెలుగింటి పెరట్లో మే నెల రాగానే గోంగూర, బెండ, టమాటా, వంగ నారు దిగుతుంది. ఈ మేపుల్ యజమానులు ప్రత్యేకంగా తెలుసుకోవాల్సిన సంగతి అక్కడుంది. వెర్టిసిలియమ్ అనే శిలీంధ్రం మట్టిలో పదేళ్లకి పైగా నిద్రపోతూ బతకగలదు. వేరు గుండా చొరబడి నీళ్లు మోసే నాళాలని మూసేస్తుంది. చెట్టుకి ఒక పక్క కొమ్మ ఉన్నట్టుండి వాడి, ఆకులు రాలకుండానే ఎండిపోతే అనుమానించాలి. ఆ కొమ్మని అడ్డంగా కోస్తే చెక్కలో పచ్చటి, బూడిదరంగు చారలు కనిపిస్తాయి. దీనికి మందు లేదు. ఇదే శిలీంధ్రం వంగ, టమాటా, బెండ, మిరప, ఆలుగడ్డల్ని కూడా పడుతుంది. కాబట్టి ఏళ్ల తరబడి వంకాయలు పండించిన మడిని చదును చేసి మేపుల్ నాటడం, వాడి చచ్చిన మేపుల్ స్థానంలో వంగ నాటడం రెండూ చెడ్డ బేరాలే. తెగులు సోకిన కొమ్మని కోసిన కత్తెరని స్పిరిట్‌తో తుడవకుండా ఇంకో మొక్కకి పెట్టకూడదు.

పురుగుల్లో పేరుమోసింది జపనీస్ బీటిల్. అమెరికాలో అది మొదట దొరికింది న్యూజెర్సీలోనే, 1916లో రివర్టన్ దగ్గర ఒక నర్సరీలో. జూన్ చివర నుంచి ఆరేడు వారాలు ఆకుని ఈనెలు మిగిల్చి తినేస్తుంది. పొద్దున్నే బద్ధకంగా ఉన్నప్పుడు సబ్బునీళ్ల గిన్నెలోకి దులపడమే ఉత్తమ వైద్యం. 17 ఏళ్లకోసారి నేలలోంచి లేచే సికాడాలు చిన్న కొమ్మల్ని చీల్చి గుడ్లు పెడతాయి. న్యూజెర్సీ నుంచి వర్జీనియా దాకా కనిపించే పదో దండు 2021లో వచ్చింది, మళ్లీ వచ్చేది 2038లో. ఆ ఏడు చిన్న చెట్లకి వల కప్పాల్సి ఉంటుంది. అప్పటిదాకా దాని గురించి బెంగ పడనక్కర్లేదు.

కుండీలో పెట్టారా, గరాజ్ చూసుకోండి

16 అంగుళాల వ్యాసం, 14 అంగుళాల లోతు ఉన్న కుండీలో పట్టే మట్టి 46 లీటర్లు. నీళ్లు తాగాక బరువు 50 కిలోలకి అటూ ఇటూ ఉంటుంది. బాల్కనీ మీద పెట్టేవాళ్లూ నడుము నొప్పి ఉన్నవాళ్లూ ఈ లెక్క ముందే వేసుకోవాలి. చిన్న మొక్కని ఒకేసారి పెద్ద కుండీలో వేయకూడదు. వేరు చేరని మట్టి తడి ఆరక పులిసిపోతుంది. ఇప్పుడున్న దానికంటే 2 నుంచి 4 అంగుళాలు పెద్దది చాలు. రెండు మూడేళ్లకోసారి, చిగురు విచ్చకముందు, బయటికి తీసి చుట్టుకున్న వేళ్లలో నాలుగో వంతు కోసి కొత్త మట్టితో పెట్టాలి. అడుగున గులకరాళ్లు వేస్తే నీళ్లు బాగా పోతాయన్నది అపోహ. తడిమట్టి పొర ఆ రాళ్ల పైన నిలబడుతుంది, అంటే వేళ్లకి ఇంకా దగ్గరవుతుంది.

చలికాలం వచ్చేసరికి మనవాళ్లలో ఒక అలవాటు. అక్టోబరులో కరివేపాకు కుండీ ఇంట్లోకి వస్తుంది, దానితోపాటు మేపుల్‌నీ తెచ్చేస్తారు. కరివేపాకు వెచ్చని దేశపు మొక్క, హీటరు పక్కన బతికి బట్టకడుతుంది. మేపుల్‌కి అక్కడ నిద్ర పట్టదు. 7 డిగ్రీలకి దిగువన వారాల తరబడి చలి తగిలితేనే దాని మొగ్గలు వసంతంలో సరిగ్గా విచ్చుకుంటాయి. అలాగని కుండీని బయట గాలికి వదిలెయ్యకూడదు కూడా. నేలలో ఉన్న వేరుకి భూమి వెచ్చదనం ఉంటుంది, కుండీలో వేరు చుట్టూ ఉన్నది గాలే. కొమ్మలు ఓర్చినంత చలిని వేళ్లు ఓర్చలేవు. అందుకే కుండీ చెట్టు విషయంలో ఆ ప్రాంతపు మండలం కంటే రెండు మండలాలు చల్లగా ఉందనుకోమంటారు తోటమాలులు. హీటరు లేని గరాజ్ సరైన చోటు. నెలకోసారి చెంబెడు నీళ్లు చాలు. మార్చి చివర బయట పెట్టాక చిగురు విచ్చుకుంటుంది. లేత ఆకు మైనస్ 2 డిగ్రీలకే నల్లబడుతుంది కాబట్టి ఏప్రిల్‌లో మంచు సూచన ఉన్న రాత్రి లోపలికి జరపాలి. మైనస్ 26కి బెదరని కొమ్మ మీద మొలిచిన ఆకు ఓర్పు ఇంతే.

ఎరుపు ఏ తారీఖుకి?

క్యోటోలో తోఫుకుజి ఆలయం చుట్టూ సుమారు 2,000 మేపుళ్లున్నాయి. వాటిని చూడ్డానికి జనం విరగబడేది నవంబరు రెండో సగంలో. ఆకు ఎర్రబడటం వెనుక జరిగేది ఇది. పగటి పొద్దు తగ్గగానే ఆకుపచ్చ రంగుని చెట్టు విరిచి, అందులో పనికొచ్చేది కొమ్మల్లోకి లాగేసుకుంటుంది. తొడిమ మొదట బెరడు పొర మూసుకుంటూ వస్తుంది. ఆకులో చక్కెర చిక్కుపడిపోతుంది. ఎండ ఉన్న పగళ్లలో ఆ చక్కెర నుంచి ఆంథోసయనిన్ అనే ఎర్రరంగు తయారవుతుంది. రాత్రి చల్లగా ఉండి గడ్డకట్టకపోతే చక్కెర నిలుస్తుంది. రాత్రి వెచ్చగా ఉంటే ఆకు ఊపిరి తీసుకోవడానికే అది ఖర్చయిపోతుంది. అందుకే ఒకే చెట్టు ఓ ఏడాది నిప్పులా, మరో ఏడాది మట్టిరంగులో కనిపిస్తుంది. మీ పెంపకం లోపమేమీ ఉండకపోవచ్చు.

జపాన్ వాతావరణ సంస్థ 1953 నుంచి ఎంపిక చేసిన చెట్లు ఎర్రబడిన తారీఖులు రాస్తోంది. 2021లో ఆ సంస్థ పక్షులు, కీటకాలు, పూలతో సహా డజన్ల కొద్దీ గమనింపులు మానేసి ఆరు మొక్కల్ని మాత్రం ఉంచుకుంది. అందులో మేపుల్ ఉంది. ఆ రికార్డుల ప్రకారం ఎరుపు వచ్చే రోజు పదేళ్లకి సుమారు 3 రోజుల చొప్పున ఆలస్యమవుతోంది. ఏడు దశాబ్దాలకి కూడితే మూడు వారాలు.

ఇక హైదరాబాద్ నుంచి వచ్చే ప్రశ్న: ఇక్కడ పెంచొచ్చా? పెంచలేం. మే నెలలో పగలు సగటున 39, 40 డిగ్రీలు, డిసెంబరులో రాత్రి సుమారు 15. వేసవిలో మాడుతుంది, చలికాలంలో నిద్ర దొరకదు. లంబసింగిలో కొన్ని తెల్లవారుజాములు సున్నా దగ్గరికి పోతాయి నిజమే గాని, మధ్యాహ్నానికల్లా వెచ్చబడిపోతుంది. మన దేశంలో మేపుల్ జాతులు సహజంగా పెరిగేది ఎక్కువగా హిమాలయాల్లో. ఏసీ గదిలో బోన్సాయ్‌గా పెంచుదామంటే ఏసీ కూడా 7 డిగ్రీలకి దిగదు.

ఆన్‌లైన్‌లో మేపుల్ బోన్సాయ్ విత్తనాలని పొట్లాలు అమ్ముతున్నారు. నీలం ఆకుల బొమ్మ వేసినవి కూడా వాటిలో ఉన్నాయి. నీలం ఆకుల మేపుల్ ప్రపంచంలో లేదు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం అంటే ఇదే. నిజమైన విత్తనమే అయినా బాగా ఎండిపోతే మొలవడం తగ్గిపోతుంది. మొలవాలంటే 24 గంటలు నీళ్లలో నానబెట్టి, తడి ఇసుకలో పెట్టి ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర 90 నుంచి 120 రోజులు ఉంచాలి. మొలిచినవి తల్లి రకంలా వస్తాయన్న హామీ లేదు. బ్లడ్‌గుడ్ విత్తనాల నుంచి ఎరుపూ పచ్చా కలగలిపి వస్తాయి. న్యూజెర్సీలో పిల్లలతో సరదాగా చేయడానికి బాగుంటుంది, అక్టోబరులో రెక్కలున్న కాయలు ఏరుకుంటే ఖర్చు కూడా లేదు. హైదరాబాద్‌లో ఆకు ఎరుపెక్కడం చూడాలంటే జనవరి, ఫిబ్రవరి నెలల్లో వీధి బాదం చెట్టు కింద నిలబడొచ్చు. దానికి ఫ్రిజ్ అక్కర్లేదు, పీహెచ్ పట్టింపూ లేదు. కాకపోతే అది 20 అడుగుల దగ్గర ఆగే చెట్టు మాత్రం కాదు.